క్రిమినల్స్ చదువుకునే హైస్కూలు

అరిజోనాలోని ఫీనిక్స్, చాండ్లర్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు ఎండలు భరించలేక అప్పుడప్పుడు శాండియాగో సముద్రం చూడటానికి కారెక్కుతారు. ఇంటర్‌స్టేట్ 8 మీద సుమారు మూడు గంటలు పోయాక, కాలిఫోర్నియాలోకి దాటబోయే ముందు యూమా అనే ఊరు వస్తుంది. చాలామందికి అది పెట్రోలు కొట్టించుకుని, పిల్లల్ని బాత్రూముకు తీసుకెళ్ళి, మళ్ళీ బయల్దేరే చోటు మాత్రమే. ఆ ఊళ్ళో వందేళ్ళు దాటిన ఒక ప్రభుత్వ హైస్కూలు ఉంది. అక్కడి ఆటల జట్లకు పేరు క్రిమినల్స్. ముద్దుగా క్రిమ్స్ అంటారు. స్కూలు గుర్తు కరడుగట్టిన నేరస్థుడి మొహం. పిల్లలకు టీషర్టులు, టోపీలు అమ్మే స్కూలు దుకాణం పేరు సెల్ బ్లాక్.

అమెరికాలో ప్రతి హైస్కూలుకూ ఇలాంటి ఒక పేరు ఉంటుంది. ఎక్కువగా డేగలు, పులులు, తోడేళ్ళు, లేకపోతే యోధులు. ఆ పేరే పిల్లల చొక్కాల మీద, స్టేడియం గోడల మీద, పెద్దయ్యాక వాళ్ళు చెప్పుకునే కబుర్లలో ఉంటుంది. అలాంటి చోట నేరస్థులు అని పెట్టుకున్నారు. మన దగ్గర ఏ జిల్లా పరిషత్ హైస్కూలుకైనా ఈ పేరు పెడితే తెల్లారేసరికి తల్లిదండ్రులంతా ఎంఈఓ ఆఫీసు ముందు ఉంటారు. యూమాలో మాత్రం తాతలు, కొడుకులు, మనవరాళ్ళు మేము క్రిమినల్స్‌మి అని గర్వంగా చెప్పుకుంటారు.

దీని వెనక కథ టూకీగా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. స్కూలు కాలిపోయింది, పిల్లల్ని పాత జైల్లో కూర్చోబెట్టారు, అవతలి జట్టు ఎగతాళి చేసింది, వీళ్ళు ఆ ఎగతాళినే బిరుదుగా తీసుకున్నారు. ఇదంతా నిజమే. కానీ ఈ నాలుగు ముక్కల్లో సగం చిక్కులు దాక్కుని ఉన్నాయి. ఎడారిలో అంత చిన్న ఊరికి అంత పెద్ద జైలు ఎందుకు వచ్చింది? అది ఎందుకు ఖాళీ అయింది? సరిగ్గా అదే సమయానికి హైస్కూలు ఎందుకు పుట్టింది? తిట్టును బిరుదుగా మార్చుకునే వీలు ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు?

జైలు నుంచే మొదలుపెడదాం. 1870ల్లో అరిజోనా ఇంకా రాష్ట్రం కాదు, టెరిటరీ. అంటే వాషింగ్టన్ పెత్తనం కింద ఉండే ప్రాంతం. సొంత శాసనసభ ఉన్నా అధికారం అంతంతే. 1875లో ఆ శాసనసభ ఒక జైలు కట్టాలనుకుని 25 వేల డాలర్లు కేటాయించింది. బిల్లులో మొదట ఫీనిక్స్ అని ఉంటే, యూమా నుంచి వచ్చిన సభ్యులు హొసే మరియా రెడోండో, ఆర్.బి. కెల్లీ ఆ పేరు కొట్టించి యూమా అని రాయించారని యూమా చరిత్రలో చెబుతారు. జైలు కోసం కొట్లాట ఏమిటి అనిపిస్తుంది. ఆ రోజుల్లో జైలంటే ఉద్యోగాలు, కాంట్రాక్టులు, ఖజానా నుంచి ఏటా వచ్చే డబ్బు. పదేళ్ళ తరవాత, 1885లో, అదే శాసనసభ ఫీనిక్స్‌కు పిచ్చాసుపత్రి కోసం లక్ష డాలర్లు ఇచ్చి, టూసాన్‌కు యూనివర్సిటీ కోసం 25 వేలు ఇస్తే, మాకు ఈ దిక్కుమాలిన యూనివర్సిటీ ఎందుకని టూసాన్ జనం మండిపడ్డారు. అప్పటి లెక్కల్లో చదువుకున్న విలువ అది. అలా యూమాకు జైలు దక్కింది. ఫీనిక్స్‌తో తగువు కూడా అప్పుడే మొదలైంది. ఆ తగువు ఈ కథలో మళ్ళీ వస్తుంది.

కొలరాడో నది పక్కన ఒక రాతి గుట్ట. దాని మీద జైలు కట్టింది ఖైదీలే. 1876 జులై 1న మొదటి ఏడుగురు ఖైదీలను తాము కట్టిన గదుల్లోనే పెట్టి తాళం వేశారు. మనం తవ్వుకున్న గోతిలో మనమే పడటం అంటామే, అక్కడ అది మాటవరసకు కాదు. ఆ తరవాతి 33 ఏళ్ళలో 3,069 మంది ఆ గుట్టెక్కారు. వాళ్ళలో 29 మంది ఆడవాళ్ళు. గదికి ఆరుగురు, మూడు వరసల మంచాలు, తలుపులకు పట్టీ ఇనుప ఊచలు. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండకు రాతి గోడలు కాగుతాయి. 111 మంది అక్కడే చనిపోయారు, ఎక్కువమంది క్షయతో.

ఈ జైలు గురించి సినిమావాళ్ళు నరకకూపం అని చెబుతారు. కానీ ఊరివాళ్ళు కొందరు దాన్ని క్లబ్బు అని వెక్కిరించేవారు. ఎందుకంటే గుట్ట కింద ఇళ్ళల్లో లేని సౌకర్యాలు కొన్ని గుట్ట మీద ఉండేవి. కరెంటు దీపాలు, గాలి ఆడే ఏర్పాటు, ఒక ఆసుపత్రి. అన్నిటికంటే ముఖ్యంగా గ్రంథాలయం. సూపరింటెండెంట్ భార్య మెడోరా ఇంగాల్స్ దాన్ని మొదలుపెట్టారు. జైలు చూడటానికి వచ్చేవాళ్ళ దగ్గర 25 సెంట్ల టికెట్టు వసూలు చేసి ఆ డబ్బుతో పుస్తకాలు కొనేవారు. పుస్తకాలు రెండు వేల దాకా చేరాయి. చదవడం, రాయడం రాని ఖైదీలు అక్కడే అక్షరాలు నేర్చుకున్నారు. కాబట్టి హైస్కూలు వచ్చి జైలు బడి అయింది అనడం పూర్తిగా సరికాదు. అది అంతకుముందే బడి. విద్యార్థులు మాత్రం వేరు.

ఆ ఖైదీల్లో దొంగలూ హంతకులే కాదు, ఇంకా రకరకాలవాళ్ళు ఉన్నారు. ఒకరికంటే ఎక్కువమందిని పెళ్ళాడినందుకు శిక్ష పడిన మోర్మన్ మతశాఖవాళ్ళు ఉన్నారు. గుర్రపుబండిని దోచుకుని పేపర్లకెక్కిన పెర్ల్ హార్ట్ ఉంది. మెక్సికోలో నియంత పోర్ఫిరియో దియాస్ మీద తిరగబడ్డ రికార్డో ఫ్లోరెస్ మగోన్ ఉన్నాడు. అమెరికా గడ్డ మీద నుంచి పొరుగు దేశం మీద కుట్ర చేశాడన్న నేరానికి 1909లో ఆయన్నీ సహచరులనూ ఇక్కడికి పంపారు. మెక్సికో విప్లవానికి దారి వేసినవాళ్ళలో ఒకరిగా ఆయన్ను ఇవాళ ఆ దేశం స్మరించుకుంటుంది. క్రిమినల్ అనే మాట ఎవరు ఎవరిని అంటున్నారు అన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుందని ఈ జైలు రికార్డు పుస్తకమే చెబుతుంది.

గుట్ట చిన్నది, ఖైదీలు ఎక్కువయ్యారు, విస్తరించడానికి చోటు లేదు. దాంతో ఫ్లోరెన్స్ అనే ఊళ్ళో కొత్త జైలు కట్టించారు, మళ్ళీ ఖైదీల చేతులతోనే. 1909 సెప్టెంబరు 15న యూమా జైలు మూతపడింది. గుట్ట మీద గట్టి రాతి కట్టడాలు ఖాళీగా మిగిలాయి.

ఇక హైస్కూలు సంగతి. దాని అసలు పేరు యూమా యూనియన్ హైస్కూలు. ఇక్కడ యూనియన్ అంటే కార్మిక సంఘం కాదు. అమెరికాలో చాలాచోట్ల బడి నడిపేది రాష్ట్ర ప్రభుత్వ శాఖ కాదు, స్కూల్ డిస్ట్రిక్ట్ అనే స్థానిక సంస్థ. మన జిల్లాతో దీనికి పోలిక లేదు. ఒక్కోసారి అది రెండు మూడు ఊళ్ళంతే ఉంటుంది. దానికి సొంత బోర్డు, బోర్డుకు ఎన్నికలు, సొంతంగా ఆస్తిపన్ను వసూలు చేసే హక్కు ఉంటాయి. చిన్న పిల్లల బడి ఏ ఊరికి ఆ ఊరు నడుపుకోగలదు. హైస్కూలుకు సైన్సు గది కావాలి, నాలుగైదు సబ్జెక్టులకు వేరువేరు టీచర్లు కావాలి. అందుకని పక్కపక్కనున్న చిన్న డిస్ట్రిక్టులు కొన్ని కలిసి ఒక ఉమ్మడి హైస్కూలు పెట్టుకుంటాయి. అదే యూనియన్. ఇప్పటికీ యూమాలో ఎలిమెంటరీ బడులు ఒక బోర్డు కింద, హైస్కూళ్ళు ఇంకో బోర్డు కింద ఉంటాయి. అక్కడికి కొత్తగా వెళ్ళిన మనవాళ్ళు పిల్లల అడ్మిషన్ కోసం మొదట తికమకపడేది ఇక్కడే.

ఈ పద్ధతిలో ఒక కిటుకు ఉంది. పన్ను ఆస్తి విలువ మీద పడుతుంది. భూమికి విలువ లేకపోతే బడికి డబ్బు ఉండదు. యూమా ఎడారిలో ఏడాదికి పడే వాన 8, 9 సెంటీమీటర్లు. కరువు సీమ అని మనం చెప్పుకునే అనంతపురంలో కూడా 55 దాకా పడుతుంది. వెలుతురు ఉండే గంటల్లో 90 శాతం ఎండే కాసే ఊరని, ప్రపంచంలో ఇంత ఎండ ఇంకెక్కడా లేదని యూమాకు రికార్డు ఉంది. అలాంటి నేలకు నీళ్ళు లేకపోతే ఎకరం ధర ఎంత ఉంటుంది? బడుల కోసమని అమెరికా ప్రభుత్వం పశ్చిమ రాష్ట్రాల్లో ప్రతి 36 చదరపు మైళ్ళకూ కొన్ని చదరపు మైళ్ళు పక్కన పెట్టేది. అరిజోనాను రాష్ట్రం చేయడానికి 1910లో చేసిన చట్టంలో ఆ వాటాను రెండు నుంచి నాలుగు చదరపు మైళ్ళకు పెంచింది. ఉదారమే, కానీ ముళ్ళపొదలు తప్ప మొలవని నేలను నాలుగు మైళ్ళిచ్చినా నలభై మైళ్ళిచ్చినా చాక్‌పీసులకు కూడా రాలదు.

కథ మలుపు తిరిగింది నీళ్ళ దగ్గర. యూమాకు ఎగువన కొలరాడో నది మీద మొట్టమొదటి ఆనకట్ట లగూనా డ్యామ్ 1909లో పూర్తయింది. 1912లో నది అడుగున పెద్ద సొరంగం వేసి, కాలిఫోర్నియా ఒడ్డు నుంచి అరిజోనా ఒడ్డుకు కాలువ నీళ్ళు దాటించారు. దాన్ని యూమా సైఫన్ అంటారు. మన కాలువలు వాగుల కింద నుంచి దూరి వెళ్ళడం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు, అక్కడ దాటింది మాత్రం ఒక మహానదిని. కాలువ వస్తుందన్న నమ్మకంతోనే రైతు కుటుంబాలు వచ్చాయి. రైల్వే కూలీలు, నదిలో పడవలు నడిపేవాళ్ళు, సైనికులు ఉండే మగాళ్ళ ఊరు కాస్తా సంసారుల ఊరు అయింది. సంసారాలతో పిల్లలు వచ్చారు. హైస్కూలు డిస్ట్రిక్ట్ 1909లో ఏర్పడటం, జైలు 1909లో మూతపడటం, ఆనకట్ట 1909లో పూర్తవడం కేవలం యాదృచ్ఛికం అని నేను అనుకోను. ఖైదీల మీద బతికే ఊరు పంటల మీద బతికే ఊరుగా మారుతున్న ఏడాది అది. జైలు పోతే పోయిందని ఊరు ధీమాగా ఉండగలిగింది కూడా అందుకే.

అప్పటికి యూమా జనాభా మూడు వేలకు లోపే. 1910లో బడి భవనం కాలిపోయింది. కొత్తది కట్టేదాకా పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? ఊళ్ళో ఖాళీగా, నిప్పంటుకోని గోడలతో ఉన్న పెద్ద కట్టడం ఒక్కటే. అలా 1910 నుంచి 1914 దాకా నాలుగేళ్ళు హైస్కూలు జైల్లో నడిచింది. జైలు గదుల వరసలో క్లాసులు, జైలు ఆసుపత్రిగా ఉన్న హాల్లో ప్రార్థనలు, సమావేశాలు. 1912 ఫిబ్రవరి 14న అరిజోనా 48వ రాష్ట్రం అయిన రోజున యూమా హైస్కూలు పిల్లల చిరునామా జైలే.

బడికి చోటు లేక దొరికిన చోట సర్దుకోవడం మనకు తెలియనిది కాదు. గుడి మండపాల్లో, రచ్చబండల దగ్గర, పశువుల కొట్టాల పక్కన అక్షరాలు దిద్దినవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. తేడా ఏమిటంటే ఆ బడులను ఎవరూ కొట్టం బడి అని పిలిచి ఊరుకోలేదు, పిలిచినా అది పేరుగా నిలవలేదు. యూమాలో నిలిచింది. నిలబెట్టింది ఫీనిక్స్.

జైలు రోజుల్లోనే ఒకసారి యూమా జట్టు ఫీనిక్స్ వెళ్ళి ఫీనిక్స్ యూనియన్ హైస్కూలుతో ఫుట్‌బాల్ ఆడింది. కాళ్ళతో ఆడే మన ఫుట్‌బాల్ కాదు, గుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునేది. ఫీనిక్స్ అప్పటికే రాజధాని, పెద్ద ఊరు, పెద్ద బడి. ఎడారి చివర నుంచి వచ్చిన కుర్రాళ్ళు గెలుస్తారని ఎవరూ అనుకోలేదు. గెలిచారు. ఓడినవాళ్ళకు కడుపుమంట. జైలు నుంచి వచ్చారుగా, క్రిమినల్స్, అన్నారు. 1875లో బిల్లులో పేరు కొట్టేసి జైలు ఎగరేసుకుపోయిన ఊరికి, నాలుగు దశాబ్దాల తరవాత ఫీనిక్స్ వడ్డీతో సహా అప్పు తీర్చినట్టయింది.

మొదట ఆ మాటకు యూమా పిల్లలకు ఒళ్ళు మండే ఉంటుంది. తరవాత వాళ్ళే దాన్ని తగిలించుకున్నారు. 1914లో బడి జైలు వదిలి సొంత చోటుకు వెళ్ళినా పేరు వెంట వెళ్ళింది. 1917లో స్కూలు బోర్డు దాన్ని అధికారికంగా ఆమోదించింది. మొత్తం వ్యవహారంలో నాకు ఆశ్చర్యం కలిగించేది ఈ తీర్మానమే. పిల్లలు ఏదో పేరు పెట్టుకోవడం వేరు. పన్ను డబ్బుతో నడిచే సంస్థ పెద్దలు, అందులోనూ మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, మా పిల్లలు నేరస్థులు అని మినిట్స్ పుస్తకంలో రాసుకోవడం వేరు. ఊరికి తన జైలు గురించి సిగ్గు లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

తరవాతి సంగతులు త్వరగా చెప్పుకోవచ్చు. నీళ్ళొచ్చిన లోయ కూరగాయల తోట అయింది. చలికాలంలో అమెరికా తినే ఆకుకూరల్లో, లెట్యూస్‌లో సింహభాగం ఇవాళ యూమా ప్రాంతానిదే. జనాభా 95 వేలకు చేరింది. ఒక్క హైస్కూలు సరిపోక కొత్తవి వచ్చాయి. వాటిలో మొదటిది కోఫా. ఈ పేరుకూ ఒక తమాషా ఉంది. దగ్గరి కొండల్లో కింగ్ ఆఫ్ అరిజోనా అనే బంగారు గని ఉండేది. ఆ పేరును పొడి అక్షరాల్లోకి కుదిస్తే కె ఆఫ్ ఏ, అదే కోఫా. అందుకని ఆ స్కూలు జట్లు కింగ్స్. ఒకే ఊళ్ళో ఒక బడి రాజులది, ఇంకో బడి నేరస్థులది. ఇద్దరికీ మ్యాచ్ పడితే శీర్షిక పెట్టడానికి పేపరువాళ్ళు కష్టపడక్కర్లేదు.

క్రిమ్స్‌లో బాగా పైకి వచ్చినవాడు కర్లీ కల్ప్. 1946లో యూమాలో పుట్టాడు. కుస్తీలో, ఫుట్‌బాల్‌లో ఈ స్కూలు తరఫున ఆడి, 1967లో కాలేజీల జాతీయ హెవీవెయిట్ కుస్తీ టైటిల్ గెలిచాడు. కాన్సస్ సిటీ చీఫ్స్ జట్టుతో సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, కొట్టాడు. 2013లో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది. కల్ప్ నల్లజాతివాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, యూమాకు హైస్కూలు డిస్ట్రిక్ట్ వచ్చిన 1909లోనే అరిజోనా శాసనసభ నల్లజాతి పిల్లల్ని వేరే బడుల్లో పెట్టడానికి వీలిచ్చే చట్టం చేసింది. గవర్నరు కాదన్నా పట్టుబట్టి చేసింది. యూమా కుర్రాళ్ళను క్రిమినల్స్ అన్న ఫీనిక్స్ యూనియన్ వాళ్ళే 1926లో నల్లజాతి పిల్లల కోసం విడిగా హైస్కూలు తెరిచారు. 1953లో కోర్టు అది చెల్లదని చెప్పేదాకా ఆ ఏర్పాటు నడిచింది.

ఇక్కడిదాకా కథ హాయిగానే ఉంది. ఎగతాళి చేసినవాడికి చెంపపెట్టు, చిన్న ఊరికి పెద్ద పేరు. కానీ పేర్ల వ్యవహారం అన్ని ఎడారి బడుల్లోనూ ఇంత సరదాగా లేదు. యూమాకు వాయవ్యంగా, కాలిఫోర్నియా ఎడారిలోనే, థర్మల్ అనే ఊళ్ళో కోచెల్లా వ్యాలీ హైస్కూలు ఉంది. అదీ 1910 నాటిదే. అక్కడి జట్ల పేరు అరబ్స్. అరబ్బులకూ ఆ లోయకూ సంబంధం ఖర్జూరం. అమెరికా వ్యవసాయ శాఖవాళ్ళు ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా నుంచి ఖర్జూరపు పిలకలు తెచ్చి అక్కడ నాటారు. 1927లో ఆ శాఖ శాస్త్రవేత్త వాల్టర్ స్వింగుల్ మొరాకో ఒయాసిస్సు నుంచి మెజూల్ అనే ఖర్జూరం రకం పిలకలు 11 తెస్తే, నెవాడాలో చీడపీడల పరీక్ష కోసం కొన్నేళ్ళు పెంచాక బతికినవి 9. ఇవాళ అమెరికాలో ఉన్న మెజూల్ తోటలు చాలావరకు ఆ తొమ్మిది మొక్కల సంతానమే. యూమా చుట్టూ ఉన్న తోటలు కూడా. దుకాణంలో మెజూల్ పెట్టె కొంటే లేబుల్ మీద బార్డ్ వ్యాలీ అని కనబడితే, అది యూమా ఎదుటి ఒడ్డే.

ఖర్జూరం అమ్ముకోవడానికి ఆ లోయ మొత్తం అరేబియా వేషం కట్టింది. మెక్కా, ఒయాసిస్ అని ఊళ్ళకు పేర్లు, సంతల్లో ఒంటె పందేలు. స్కూలు గుర్తుగా గద్దముక్కు, పళ్ళు కొరుకుతున్న మొహం, తలకు గుడ్డ. ఆట మధ్యలో బెల్లీ డాన్సు. 2013లో అరబ్ అమెరికన్ల హక్కుల సంఘం అభ్యంతరం చెప్పింది. మేము గౌరవంగానే పెట్టుకున్నాం అని స్కూలువాళ్ళు అన్నారు. చివరికి 2014లో ఆ గుర్తు తీసేసి హుందాగా ఉన్న బొమ్మ పెట్టి, పేరును మైటీ అరబ్స్ అని మార్చారు.

రెండూ ఎడారి బడులే, రెండూ ఒకే ఏడాది అటూఇటూగా పుట్టినవే. తేడా చూడండి. కోచెల్లా పిల్లలు వేసుకున్నది ఇంకొకరి మొహం. ఆ ఇంకొకరు అక్కడ లేరు, వాళ్ళను అడిగినవాళ్ళూ లేరు. యూమా పిల్లలు వేసుకున్నది తమ మీద పడ్డ మాట. అందుకే వందేళ్ళుగా ఎవరో ఒకరు మొహం చిట్లించినా క్రిమ్స్ పేరు కదల్లేదు.

మరి ఆ మాట వేసుకోవడం వాళ్ళకు అంత సులువు ఎందుకైంది? జవాబు కోసం జైలు గుట్ట మీద నిలబడి నది అవతలికి చూడాలి. అక్కడ ఇంకో గుట్ట కనిపిస్తుంది. దాని మీద ఒకప్పుడు ఫోర్ట్ యూమా అనే సైనిక కోట ఉండేది. ఆ నేల కెచాన్ అనే అమెరికా మూలవాసీ తెగవాళ్ళది. యూమా ఊరు పుట్టకముందు నుంచీ నది వరద ఒండ్రులో గుమ్మడి, మొక్కజొన్న, బీన్స్ పండించుకున్నవాళ్ళు. సైన్యం వెళ్ళిపోయాక, 1880ల మధ్యలో, ఆ కోట భవనాల్లో కెచాన్ పిల్లల కోసం బోర్డింగు స్కూలు పెట్టారు. అమెరికా అంతటా ఆనాటి ఇండియన్ (అంటే మూలవాసుల) బోర్డింగు స్కూళ్ళ ఉద్దేశం ఒకటే. పిల్లల్ని ఇంటికి దూరం చేసి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించి, వాళ్ళను వేరే మనుషులుగా మార్చడం.

ఎదురెదురు గుట్టలు. రెండింటి మీదా, వేరే పనికి కట్టిన గోడల మధ్య, పిల్లలు. ఇటు గుట్ట మీద పిల్లలు పొద్దున జైలుకు వచ్చి సాయంత్రం ఇంటికి పోయేవారు. అటు గుట్ట మీద బడి అని బోర్డు ఉండేది, ఇంటికి పోవడం మాత్రం పిల్లల చేతిలో ఉండేది కాదు. ఊచల తలుపు వెనక కూర్చున్న ఇటు పిల్లల్ని నిజంగా ఖైదీలని ఎవరూ అనుకోలేదు, వాళ్ళూ అనుకోలేదు. అందుకే అది జోకు అయింది. అటు పిల్లల్లో ఎవరినైనా క్రిమినల్ అని ఉంటే అది జోకు అయ్యేది కాదు. యూమాకు హైస్కూలునిచ్చిన నీళ్ళ కథలోనూ వాళ్ళ వాటా ఇలాగే ఉంది. కాలువ కింద సాగు కోసం కెచాన్ నేలలోంచి భూములు విడదీసి 1910లో బయటివాళ్ళకు తెరిచారు. 1978లో గానీ 25 వేల ఎకరాలు వెనక్కి రాలేదు.

ఈ కారణంగానే ఆ పేరును నేను కాస్త అనుమానంగా కూడా చూస్తాను. ఇప్పుడు యూమా హైలో చదివేవాళ్ళలో ఎక్కువమంది మెక్సికన్ మూలాలున్న పిల్లలు. లెట్యూస్ కోసేవాళ్ళ పిల్లలు, సరిహద్దు ఆమడ దూరంలో పెట్టుకుని పెరిగేవాళ్ళు. అమెరికా రాజకీయాల్లో వాళ్ళలాంటి వాళ్ళను క్రిమినల్స్ అనే గొంతులు తక్కువేమీ కాదు. 1917లో బోర్డు ఆమోదించినప్పుడు ఆ మాటలో ఉన్న నవ్వు, ఇవాళ ఆ చొక్కా వేసుకుని నిలబడ్డ పిల్ల విషయంలో అంతే ఉంటుందా? బయట నుంచి చూసే నాకు ఈ సందేహం. లోపలివాళ్ళ సంగతి వేరు. మా అమ్మ క్రిమ్, మా తాత క్రిమ్ అని చెప్పుకునే ఇళ్ళల్లో ఆ మాట బయటి తిట్టుకు ముందే చుట్టరికం అయిపోయింది. అమెరికాలో ఆ పేరున్న హైస్కూలు మాదొక్కటే అని వాళ్ళు దర్జాగా చెబుతారు. పేరు మార్చాలని ఎవరైనా వస్తే మొదట అడ్డుపడేది ఆ అమ్మమ్మలే అని నా అంచనా.

జైలు సంగతి చెప్పలేదు కదూ. బడి వెళ్ళిపోయాక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. 1920ల్లో రైల్వేవాళ్ళు కొత్త లైను కోసం గుట్టలో కొంత భాగం తవ్వేశారు, దాంతో కట్టడాలు కొన్ని పోయాయి. ఊరివాళ్ళు ఇళ్ళకు రాళ్ళూ ఇటుకలూ మోసుకుపోయారు. ఆర్థికమాంద్యం రోజుల్లో ఇల్లూవాకిలీ లేనివాళ్ళు ఆ గదుల్లో తలదాచుకున్నారు. 1961లో స్టేట్ పార్కు అయింది. 2010లో రాష్ట్ర ఖజానా ఖాళీ అయి పార్కు మూసేస్తామంటే ఊరివాళ్ళు చందాలు వేసుకుని నిలబెట్టుకున్నారు.

ఫీనిక్స్ యూనియన్ హైస్కూలు మాత్రం నిలవలేదు. నగరం శివార్లకు పాకి పిల్లలు తగ్గిపోయి 1982లో మూతపడింది. దాని పాత భవనాలు కొన్ని ఇప్పుడు యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా మెడికల్ కాలేజీవి. వాళ్ళ జట్టు పేరు కయోటీస్, అంటే ఎడారి నక్కలాంటి జంతువు. కయోటీస్‌గా ఆడిన ఆఖరి బ్యాచ్ పిల్లలకు ఇప్పుడు అరవై ఏళ్ళు దాటి ఉంటాయి. యూమాలో సెల్ బ్లాక్ దుకాణం ఏటా కొత్త బ్యాచ్‌కు క్రిమినల్స్ చొక్కాలు అమ్ముతూనే ఉంది.